ఫొటో కోసం పని ఆపించకండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో కొత్త కెమెరాల గోల, పెళ్లి ఆల్బమ్‌ల గోల కాస్త తగ్గింది. కష్టజీవుల ఫొటోల గురించి ఎక్కువ మంది రాశారు. ఎండాకాలం కదా, ఉప్పు మడులు, ఇటుక బట్టీలు, మిర్చి యార్డులు అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి, కెమెరా ఉన్నవాళ్ల కాళ్లు అటే లాగుతాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు, ఊళ్లు మాత్రం వేస్తున్నాను.

ప్రశ్న: చినగంజాం ఉప్పు మడుల దగ్గర వారం వారం ఫొటోలు తీస్తున్నాను. ఉప్పు తెల్లగా రాకుండా మురికి బూడిద రంగులో వస్తోంది, మనుషుల ముఖాలు నల్లగా పడుతున్నాయి. ఇంకో సమస్య, ఎన్ని తీసినా అన్నీ ఒకేలా ఉంటున్నాయి: వెనకాల ఉప్పు కుప్ప, ముందు గంప నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, చీరాల

జవాబు: ముందు తేలికైనది చెప్పేస్తాను. కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు అది ఉప్పో, గోడో, మనిషో తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి ఒక మధ్యరకం బూడిద రంగుకు తేవడమే దానికి తెలిసిన పని. ఫ్రేము నిండా తెలుపు ఉంటే ఆ తెలుపును కిందికి లాగుతుంది, దాంతోపాటు ముఖాలూ కిందికి పోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే అమరిక ఇది) ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పెంచి తీయండి. రెండు మూడు తీసి, వెనక స్క్రీన్ మీద ఉప్పు గళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయా, లేక మొత్తం సున్నం కొట్టినట్టు తెల్లగా పోయిందా చూసుకుంటే ఆ రోజుకు ఎంత కావాలో తెలిసిపోతుంది. ఫోన్ అయితే ఉప్పు మీద వేలితో నొక్కి, పక్కనే వచ్చే సూర్యుడి బొమ్మను పైకి జరపండి. అంతే.

ఎండ ఎక్కాక ఫొటోలు తీయకూడదని అందరూ చెబుతారు. ఉప్పు దగ్గర ఆ సూత్రం అంతగా పనిచేయదు. నేలంతా తెలుపు కాబట్టి వెలుగు కింద నుంచి పైకి కొడుతుంది, వంగి పనిచేసే మనిషి ముఖం మీద నీడ పల్చబడుతుంది. స్టూడియోలో తెల్ల అట్ట పట్టుకోవడానికి ఒక అసిస్టెంట్ కావాలి, ఇక్కడ ఎకరాలకు ఎకరాలు ఊరికే దొరుకుతుంది. అయినా మీరు వెళ్లాల్సింది మాత్రం చీకటితోనే. వెలుగు బాగుంటుందని కాదు, పని అప్పుడే మొదలవుతుంది కాబట్టి. ఎండ ముదిరే లోపు ముగించుకోవాలని తెల్లారకముందే మడుల్లోకి దిగుతారు. తొమ్మిదింటికి టిఫిన్ చేసి తీరిగ్గా వచ్చే ఫొటోగ్రాఫరుకు మిగిలేది కుప్పలే.

ఇక మీ రెండో సమస్య. అది కెమెరాది కాదు. మీకు ఆ పని మొత్తం తెలియక, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ఒక్క ఘట్టాన్నే మళ్లీ మళ్లీ తీస్తున్నారు. ఉప్పు తయారీ కుప్ప దగ్గర మొదలవదు. సీజన్‌కు ముందు మడి నేలను తడిపి, కాళ్లతో తొక్కి తొక్కి, బండలా గట్టిపడేదాకా అణుస్తారు. అది సరిగ్గా కుదరకపోతే ఉప్పులో మట్టి కలుస్తుంది, ధర పడిపోతుంది. తర్వాత నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి వదులుతూ ఎండకు చిక్కబరుస్తారు. సముద్రపు నీరు సాంద్రత కొలిచే బామే డిగ్రీల్లో 3, 3.5 దగ్గర ఉంటుంది. అది 25కి వచ్చాక ఉప్పు కట్టడం మొదలవుతుంది. 29, 30 దాటితే మెగ్నీషియం లవణాలు కూడా దిగి ఉప్పు చేదెక్కుతుంది, అందుకని ఆ మిగిలిన నీటిని బయటికి వదిలేస్తారు. గాజు గొట్టం ఒకటి నీళ్లలో వేసి ఆ డిగ్రీలు చూస్తారు. అనుభవం ఉన్న రైతు అది వేయకముందే నీళ్ల మీద కట్టే పల్చటి పొరను చూసి చెప్పేస్తాడు. వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ పొరను చూసే ముఖాన్ని మీరు తీశారా?

తర్వాత పొడుగాటి కర్రకు బిగించిన చెక్క పలకతో ఉప్పును గట్టు వైపు లాగుతారు. నీరు ఓడాక గంపల్లో ఎత్తి కుప్ప పోస్తారు, వానకు తడవకుండా తాటాకు కప్పుతారు. వీటిలో గంప మోసే దృశ్యాన్ని అందరూ తీస్తారు. గంపను నెత్తికి ఎత్తుకోవడం ఎంత మంది తీశారో చూడండి. తడి ఉప్పు నిండిన గంపను ఎవరికి వాళ్లు ఎత్తుకోలేరు. ఎదురుగా ఇంకొకరు నిలబడి, ఇద్దరూ ఒకేసారి మోకాళ్లు వంచి, ఒక్క ఊపున పైకి లేపుతారు. మోసే మనిషి మెడ బిగుస్తుంది, ఒక చెయ్యి గంప అంచును, రెండో చెయ్యి చుట్టకుదురును సర్దుకుంటుంది, ఎత్తినామె చేతులు ఇంకా గాల్లోనే ఉంటాయి, ఉప్పునీరు గంప సందుల్లోంచి కారి మోసేదాని చెంప మీదకు వస్తుంది. రెండు సెకన్లు కూడా ఉండదు. కానీ అది ప్రతి గంపకూ జరుగుతుంది, పొద్దున్నించీ జరుగుతూనే ఉంటుంది. ఒక గట్టు దగ్గర కుదురుగా కూర్చుంటే మీకు దొరక్కుండా పోదు. దానికోసం ఎవరినీ ‘ఇంకోసారి ఎత్తమ్మా’ అని అడగాల్సిన పని లేదు, అడగకూడదు కూడా.

ఇంకో రెండు విషయాలు. మడిలో అడుగు పెట్టకండి. మంచి యాంగిల్ కనిపించిందని మీరు దిగితే, వారాల తరబడి తొక్కి గట్టిచేసిన నేల మీద మీ షూ గుర్తులు పడతాయి. గట్టు మీదే నడవండి, అది కూడా వాళ్లు నడిచే గట్టు మీదే. ఇక కెమెరా సంగతి: అక్కడ లెన్స్ మార్చొద్దు, ఇంటికి రాగానే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒళ్లంతా తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడవండి. ట్రైపాడ్ కాళ్లు విప్పి కడగాల్సిందే. కొన్ని మడుల్లో నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి, ఉప్పును తట్టుకుని బతికే సూక్ష్మజీవుల వల్ల అలా అవుతుంది. ఎడిటింగ్‌లో దాన్ని ‘సరిచేసి’ నీలం చేసేయకండి, ఉన్నది ఉన్నట్టు వదిలేయండి.

ప్రశ్న: మా మేనమామ వాళ్లది పోచంపల్లి దగ్గర. ఇంట్లో గుంట మగ్గం ఉంది. నేను తీసే ఫొటోల్లో ముఖం బ్లర్ అవుతోంది, ఫ్లాష్ వేస్తే పెళ్లి ఫొటోలా ఉంటోంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే అడ్డంగా చారలు వస్తున్నాయి. – ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: చారల సంగతి ముందు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది. మన కంటికి తెలియదు కానీ వేగంగా మూసుకునే షట్టరుకు తెలుస్తుంది. షట్టర్ స్పీడ్ 1/100 లేదా 1/50 పెట్టండి, చారలు చాలావరకు పోతాయి. లైటు ఆర్పేస్తే సరిపోతుంది కదా అని ఆర్పకండి, ఆయనకు పోగు కనపడాలి. ఆ లైటు ఫొటో కోసం పెట్టింది కాదు.

ఫ్లాష్ వద్దు. కళ్లు చెదిరితే పోగు తెగుతుంది, తెగిన పోగును వెతికి ముడి వేసేదాకా మగ్గం ఆగుతుంది. మగ్గాన్ని మామూలుగా కిటికీ వెలుగు పడే చోటే వేస్తారు. మీరు కిటికీ వైపు నిలబడి వెలుగుకు అడ్డం పడకుండా, కాస్త పక్కకు జరిగి, ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ తీయడానికి పెంచుకునే అంకె) 1600 కానీ 3200 కానీ పెట్టి తీయండి. గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తే రానీయండి. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి కళ్లు మీ మోకాళ్ల ఎత్తులో ఉంటాయి, నిలబడి తీస్తే నడినెత్తి తప్ప ఏమీ రాదు. కింద కూర్చోండి.

బ్లర్ గురించి. మగ్గానికి ఒక దరువు ఉంటుంది. తాడు లాగడం, పోగు మోసే నాడె అటు నుంచి ఇటు పరుగెత్తడం, పలక వచ్చి పేకను (అడ్డపోగును) కొట్టడం, కింద కాలు మారడం. కాసేపు కెమెరా పక్కన పెట్టి చెవులతో వింటే, పలక కొట్టిన ఆ చప్పుడు దగ్గర ఒళ్లు ఒక్క క్షణం నిలబడుతుందని తెలుస్తుంది. అక్కడ నొక్కితే 1/60తో కూడా ముఖం నిలుస్తుంది. నాడె గీతలా సాగాలంటే 1/15 దాకా దింపి, కెమెరాను మగ్గం గుంజకు కాక గోడకు ఆనించి తీయండి, గుంజ అదురుతుంది.

ఇప్పుడు మీరు అడగనిది. మీరు పంపిన ఫొటోల్లో అన్నిట్లోనూ మామయ్యే ఉన్నారు. మరి అత్తయ్య ఏరీ? చేనేత అనగానే మగ్గం మీద మగమనిషి బొమ్మ మన బుర్రలో అచ్చుపడిపోయింది. మగ్గం ఎక్కేలోపు ఇంట్లో ఆడవాళ్లు చేసే పని బోలెడు. కండెలు చుట్టడం ఉంది. ఇక్కత్‌లోనైతే చిటికి కట్టడానికి (రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టడానికి) ముందు ఆసు పోయడం ఉంది: ఒక వైపు ఒక మేకు, ఎదురుగా విల్లులా వంగిన వరుసలో మేకులు, వాటి మధ్య పోగును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు వేల సార్లు ఆ చెయ్యి ఆడాలి. వాళ్లమ్మ భుజం నొప్పితో ఆ పని చేయడం చూడలేకే కదా చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేసింది, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. యంత్రం లేని ఇళ్లలో ఆ చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంది. 1/8లో తీసి చూడండి, భుజం నిలిచి ఉంటుంది, చెయ్యి పొగమంచులా పరుచుకుంటుంది. మగ్గం ఫొటో కన్నా నాకు అదే ఇష్టం.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్నాను, ఫొటోగ్రఫీ హాబీ. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే చోటికి వెళ్తే అక్కడి ఆడవాళ్లు ‘ఊరికే తీసుకుపోతే మాకేం వస్తది, డబ్బులియ్యి’ అన్నారు. ఇవ్వాలా? ఇస్తే అది నిజమైన ఫొటో అవుతుందా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ‘నిజమైన ఫొటో’ టెన్షన్ కాసేపు పక్కన పెట్టండి. వాళ్లు అడిగినది న్యాయమైన ప్రశ్న. అక్కడ కూలి చాలాచోట్ల రోజుకింత అని ఉండదు, ఎంత తీస్తే అంత. ఉప్పు గంపలైనా, ఇటుకలైనా, బీడీలైనా ఇదే లెక్క, బీడీలకు వెయ్యికి ఇంత అని కడతారు. కాబట్టి మీరు ‘అమ్మా ఇటు చూడండి, కొంచెం నవ్వండి, ఆ కాయ ఇంకోసారి తుంచండి’ అన్నప్పుడల్లా వాళ్ల కూలిలోంచి కొంత కోసేస్తున్నారు. మీకు అది ఐదు నిమిషాలు, వాళ్లకు అది డబ్బు. ఈ ఒక్క సంగతి బుర్రకు ఎక్కితే మీరు ఫొటోలు తీసే పద్ధతే మారుతుంది.

నా పద్ధతి చెబుతాను, మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. నేను వాళ్ల పని ఆపించను, అందుకని పని మధ్యలో తీసిన ఫొటోకు డబ్బు ఇవ్వను, ప్రింట్లు ఇస్తాను. ఎవరినైనా విడిగా కూర్చోబెట్టి, అరగంట నా కోసం పక్కకు రమ్మంటే మాత్రం ఆ అరగంటకు కూలి కట్టి ఇస్తాను, అది వాళ్లు అడగక ముందే చెబుతాను. చిల్లర పంచడం చేయకండి. ఒకరికి ఇచ్చి పక్కామెకు ఇవ్వకపోతే మీరు వెళ్లిపోయాక అక్కడ గొడవ అవుతుంది, మేస్త్రీ మీద నిష్ఠూరం పడుతుంది, తర్వాత వచ్చే కుర్రాడిని లోపలికే రానివ్వరు.

వద్దన్నవాళ్లను వదిలేయండి. ‘ముఖం వద్దు, చేతులు తీసుకో’ అనేవాళ్లు కొందరుంటారు. నిజానికి మిర్చి దగ్గర చేతులే అసలు విషయం. రోజంతా తొడిమలు తుంచిన వేళ్లు మండుతుంటాయి, కొందరు గుడ్డపేలికలు చుట్టుకుంటారు, కళ్లు తుడుచుకోవాలంటే చెయ్యి వాడకుండా మోచేతి పైభాగంతో, లేదా భుజం మీది కొంగుతో తుడుచుకుంటారు. ఆ కదలిక మిర్చి తెలిసినవాళ్లకే కనిపిస్తుంది. మీకూ తుమ్ములు, దగ్గు తప్పవు. మూతికి తడిగుడ్డ కట్టుకోండి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలో ఫొటోలకు యజమాని ఒప్పుకున్నాడు. అక్కడ చిన్న పిల్లలు కూడా ఇటుకలు తిరగేస్తూ కనిపించారు. తీశాను. పోస్ట్ చేయొచ్చా? అమెరికాలో లూయిస్ హైన్ కూడా పిల్లల ఫొటోలు తీసే కదా చట్టాలు తెచ్చింది? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పోస్ట్ చేయకండి. ముందు 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైను, దుడ్డు పడదు. 14 ఏళ్లలోపు పిల్లలను బట్టీలో పనిలో పెట్టుకోవడం నేరం. మీ దగ్గర ఉన్న ఫొటో అధికారులకు చూపించడానికి పనికొస్తుంది, ఫేస్‌బుక్‌కు కాదు. ఇలాంటి పిల్లల ముఖం, పేరు, చోటు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం కూడా చెబుతోంది. ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ కూడా దాగి ఉంటుందని మర్చిపోకండి.

హైన్ సంగతి వేరు. ఆయన 1908 నుంచి జాతీయ బాలకార్మిక కమిటీ అనే సంస్థ తరఫున పనిచేశాడు. మిల్లుల్లోకి రానివ్వరని రకరకాల వేషాలు వేసి లోపలికి వెళ్లేవాడు. పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చి గుర్తుపెట్టుకునేవాడు, జేబులో చెయ్యి పెట్టుకుని చీటీ మీద వయసు, పని గంటలు రాసుకునేవాడు. ఫొటో వెనక ఆ వివరాలు, ఆ వివరాల వెనక చట్టం కోసం కొట్లాడే సంస్థ ఉన్నాయి. మీ ఫొటోకు కింద ‘బాల్యం బుగ్గిపాలు’ అని ఒక కవిత్వం లైను, పైన లైకులు తప్ప ఏముంటాయి చెప్పండి. కోపం తెచ్చుకోకండి, అందరం చేసేది అదే.

ఇంకొకటి. యజమాని ఒప్పుకున్నాడన్నారు. ఆయన ఒప్పుకున్నది ఆయన స్థలంలోకి రావడానికి. అక్కడ పనిచేసేవాళ్లు చాలామంది పశ్చిమ ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని కుటుంబాలతో వచ్చినవాళ్లు. యజమాని పక్కన నిలబడి ‘తీయించుకో’ అంటే వాళ్లు కాదనగలరా? ఆయన లేనప్పుడు అడగండి. ఒడియా మాట్లాడే మనిషిని వెంట తీసుకెళ్లండి. వాళ్లు ఇబ్బంది పడుతున్నట్టు అనిపిస్తే కెమెరా సంచిలో పెట్టేయండి. మీ ఫొటో వల్ల యజమానికి చిక్కు వస్తే ఆ కోపం ముందు ఎవరి మీద పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: కార్మికుల ఫొటోలంటే బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉండాలా? బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సల్గాడో తీసినవన్నీ అలాగే ఉన్నాయి. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సల్గాడో 1986లో బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గని గోతిలో తీసినవి చూస్తే ఎవరికైనా రంగులు మానేయాలనిపిస్తుంది. కానీ ఆయనకు రంగు అవసరం లేదు, ఆ గోతిలో బురదే రంగు. గుంటూరు మిర్చి కల్లాన్ని బ్లాక్ అండ్ వైట్ చేస్తే నల్లటి చింతపండు గుట్టలా ఉంటుంది. అద్దకం చేసేవాడి చేతులకు మోచేతి దాకా అంటిన నీలం తీసేస్తే అవి ఉత్త మురికి చేతులు. రంగు సమాచారం ఇస్తుంటే ఉంచండి, కన్ను లాక్కుపోతుంటే తీసేయండి. వెనకాల వేలాడే ప్లాస్టిక్ ఫ్లెక్సీ బాధ పడలేక బ్లాక్ అండ్ వైట్ చేసేవాళ్లే మనలో ఎక్కువ.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, ప్రస్తుతం న్యూజెర్సీలో ఉంటున్నాను. పొందూరులో మా పెద్దమ్మ ఒకప్పుడు నూలు వడికేది, చూపు తగ్గి మానేసింది. ఈ డిసెంబరులో వచ్చినప్పుడు ఆమెతో మళ్లీ ఆ పని చేయించి ఫొటోలు తీసి దాచుకోవాలనుంది. అలా చేయించి తీస్తే తప్పా? – ఒక పాఠకురాలు

జవాబు: తప్పేమీ లేదమ్మా. కింద రాసే రెండు వాక్యాల్లో ‘ఇప్పుడు మానేశారు, నా కోసం చేసి చూపించారు’ అని ఉంటే చాలు. అది రాయకుండా ‘పొందూరులో నేటికీ’ అని మొదలుపెడితేనే తప్పు.

అయితే ఒక సలహా. పెద్దమ్మ చేత పూర్తి పని చేయించే బదులు, ఇప్పటికీ చేస్తున్న వాళ్ల దగ్గరికి ఆమెను తీసుకెళ్లండి. ఆమె చేయక్కర్లేదు, చూస్తూ మాట్లాడుతుంది, ‘అలా కాదే, ఇలా’ అని చెయ్యి పెడుతుంది. అప్పుడు మీకు వచ్చే ఫొటో ఇంట్లో అరుగు మీద రాట్నం ముందు కూర్చోబెట్టి తీసిన దానికన్నా బాగుంటుంది. పొందూరు పని వరుస కూడా తెలుసుకుని వెళ్లండి. పత్తిని ఏరాక, గింజ ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలో పళ్లు సన్నగా, దగ్గర దగ్గరగా, దువ్వెన పళ్లకన్నా చిన్నగా ఉంటాయి, పత్తిలోని చెత్త వాటికి చిక్కుకుని పీచు సాఫవుతుంది. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చేసి ఎండు అరటి దొప్పలో చుట్టి పెట్టుకోవడం, అప్పుడు వడకడం. చేప దవడ దగ్గర మాక్రో లెన్స్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ మాక్రో మోడ్ చాలు. కిటికీ వెలుగు ఒక పక్క నుంచి పడాలి, వెనకాల నల్లటి గుడ్డ ఏదైనా ఉంటే గాల్లో లేచే పీచు కూడా కనిపిస్తుంది. ఫ్యాన్ మీరు వేయొద్దు, వాళ్లూ వేసుకోరు, దూది ఎగురుతుంది. చలికాలమే కాబట్టి బతికిపోతారు.

వీడియో కూడా తీయండి. మాటలు ఫొటోలో రావు. పెద్దమ్మ ఒక్కో వస్తువును ఏమని పిలుస్తుందో ఆమె గొంతులోనే రికార్డు చేసి పెట్టుకోండి, మీ పిల్లలకు మీరు చెప్పలేరు.

ప్రశ్న: నేను తీసిన కల్లుగీత కార్మికుడి ఫొటోకు పోటీలో బహుమతి వచ్చింది, డబ్బు కూడా ఇచ్చారు. అతనికి ఇవ్వాలా? చట్టం ప్రకారం ఫొటో నాదే కదా? – ఒక పాఠకుడు, జనగామ

జవాబు: చట్టం ప్రకారం మీదే. 1957 కాపీరైట్ చట్టం ఫొటో తీసినవాడికే హక్కు ఇస్తుంది, అది తీసినవాడు బతికినంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. చట్టం అడిగితే జవాబు అయిపోయింది. కానీ మీరు నాకు రాశారంటేనే లోపల ఏదో గుచ్చుతోందని అర్థం.

డొరొథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో ఒక కూలీల శిబిరంలో తీసిన తల్లి ఫొటో ప్రపంచమంతా తెలుసు. పక్కకు తిరిగిన ఇద్దరు పిల్లలు, చెంపకు చెయ్యి ఆనించుకున్న అమ్మ. ఆ ఫొటో తపాలా బిళ్లల మీదకు కూడా ఎక్కింది, ఆమె పేరు మాత్రం నలభై ఏళ్లకు పైగా ఎవరికీ తెలియదు. 1978లో ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని బయటపడింది. తనకు ఒక్క పైసా రాలేదని, అసలు ఆ ఫొటో తీయించుకోకుండా ఉండాల్సిందని ఆమె చెప్పుకుంది. లాంగ్ కూడా దాని మీద సంపాదించుకోలేదు, అది ప్రభుత్వం కోసం తీసింది. అయినా ఒకరి పేరు నిలిచింది, ఇంకొకరిది పోయింది.

మీ గీత కార్మికుడి పేరు మీకు తెలుసా? పోటీకి పంపిన కాగితంలో రాశారా? లేకపోతే ముందు ఆ పని చేయండి, నిర్వాహకులకు రాసి అతని పేరు చేర్పించండి, ముందు అతన్ని అడిగే సుమా. కొందరికి పేరు ఇష్టం ఉండదు. ఊరు, తాడో ఈతో, ఏ కాలం, రోజుకు ఎన్ని చెట్లు ఎక్కుతాడు, నడుముకు కట్టిన మోకు ఎవరు నేసిచ్చారు, ఇవి రెండు వాక్యాల్లో పెడితే ఫొటోకు బలం వస్తుంది. ‘శ్రమైక జీవన సౌందర్యం’ అన్న టైటిల్ మాత్రం దయచేసి తీసేయండి, ఆ పేరుతో నాకు ప్రతి నెలా ఫొటోలు వస్తున్నాయి.

డబ్బు సంగతి. బహుమతిలో ఎంత ఇవ్వాలన్న లెక్క ఎక్కడా రాసి లేదు. నేనైతే సగం ఇస్తాను. మీకు అంత వీలు కాకపోతే ఎంతో కొంత ఇవ్వండి, దాచి మాత్రం పెట్టకండి, పేపర్లో పడిన వార్త ఊళ్లోకి చేరకపోదు. ఇచ్చేటప్పుడు ఫోన్‌లో పంపేయకుండా చెట్టు దగ్గరికే వెళ్లి, ప్రింటుతో పాటు చేతికి ఇవ్వండి. ప్రింటు 8×12 సైజులో, లామినేషన్ చేయించి తీసుకెళ్లండి. ఫ్రేము కట్టిస్తే గోడకు మేకు కొట్టే చోటు ఉంటుందో లేదో తెలియదు. లామినేషన్ అయితే పెట్టెలో పెట్టుకున్నా వానకు తడవదు. ఒకటి కాదు, రెండు కాపీలు ఇవ్వండి, ఒకటి ఎప్పుడూ కూతురు అత్తారింటికి పోతుంది.